వెనక సీటు మీది పద్మం

మా నాయన మోటారు సైకిలుకు చాలా కాలం సీటని చెప్పుకోదగ్గది లేదు. ముందు రెండు స్ప్రింగులు, వాటి మీద ఎండకు పగుళ్ళిచ్చిన తోలు, దాని మీద మడత పెట్టిన గోనెసంచి. వెనక ఒక ఇనుప క్యారియరు, దానికి తాడుతో కట్టిన పనిముట్ల పెట్టె. యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న బండి అది. బళ్ళారిలో ఎవరి పెరట్లోనో తుప్పు పడుతుంటే కొని, కొంత దూరం నడుపుకుంటూ, ఎక్కువ దూరం తోసుకుంటూ కుందుర్పి దగ్గర మా ఊరికి తెచ్చాడట. నాకు ఊహ తెలిసేసరికి ఆ బండి మా ఇంట్లో ఒక మనిషైపోయింది. వాన పడితే మేం తడిసినా సరే, అది మాత్రం వసారాలో ఉండాలి. మా వైపు వాన పడేదే తక్కువ కాబట్టి ఈ ఏర్పాటు మీద ఇంట్లో పెద్దగా గొడవ జరగలేదు.

నాయన ఆయిలింజన్ల మేస్త్రీ. ఎద్దులతో కపిలె తోలి బావి నీళ్ళు పైకి లాగే రైతులు, నీళ్ళు లోతుకు పోయేకొద్దీ ఒక్కొక్కరుగా ఇంజన్లు పెట్టుకుంటున్న రోజులవి. పెట్టుకోవడం ఒక ఎత్తు, అది మొరాయించకుండా చూసుకోవడం ఒక ఎత్తు. ఎక్కడ మొరాయిస్తే అక్కడికి నాయన పోవాలి. పొద్దున పోయినవాడు ఏ పొద్దుకు వస్తాడో చెప్పలేం. వచ్చేటప్పుడు చొక్కా నిండా నూనె మరకలు, మొహం నిండా దుమ్ము, ఆ దుమ్ములో పళ్ళు మాత్రం తెల్లగా కనబడేవి.

ఆ క్యారియరు మీద నేను ఎక్కాను. కాలు విరిగిన మేక ఒకటి ఎక్కింది. ఊళ్ళో సగం మంది ఏదో ఒక పని మీద ఎక్కారు. అమ్మ మాత్రం ఎక్కలేదు. నాయన ఎప్పుడు పిలిచినా ఒక సాకు చెప్పేది. "ఆ ఇనుము మీద కూచుంటే నడుములు ఇరగవా?" అనేది. ఇంకోసారి, "చీర చక్రంలో పడితే ఎవురు దిక్కు?" అనేది. నాయన ఏమీ తెలియనట్టుండేవాడు. సాకును ఫిర్యాదు కింద తీసుకుని మరమ్మతు చేసేవాడు. చీర పడకుండా వెనక చక్రానికి రేకు అడ్డం కొట్టించాడు. అప్పుడూ అమ్మ ఎక్కలేదు.

అసలు సంగతి వేరు. అది ఇద్దరికీ తెలుసు, నాకూ తెలుసు, కానీ మా ఇంట్లో ఎవరూ దాన్ని పైకి అనరు.

మా అమ్మది మారుమనువు. చిన్న వయసులో చేసిన పెళ్ళిలో మొగుడు జ్వరం వచ్చి పోతే, కొన్నేళ్ళకు మా నాయన ఆమెను చేసుకున్నాడు. నాయనకు అది మొదటి పెళ్ళే. మా వాళ్ళలో మారుమనువుకు అడ్డం చెప్పరు. మా వాళ్ళు చాలా మంచివాళ్ళని ఆ మాట చెప్పుకుని మురిసిపోతారు కూడా. కానీ ఆ ఒప్పుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పందిరి వేయరు. మేళం పెట్టరు. పీటల మీద కూర్చోబెట్టరు. ఒక కొత్త చీర ఇచ్చి, ఇంటి వెనక నిలబెట్టి తాళి కట్టించి, లోపలికి పొమ్మంటారు. ఆ తర్వాత ఆమె అన్నిటికీ ఇల్లాలే. వండాలి, కలుపు తీయాలి, బిడ్డల్ని కనాలి. శుభకార్యం జరిగే చోట మాత్రం ముందుకు రాకూడదు. కన్నకూతురి పెళ్ళిలో కూడా, మొగుడి పక్కన పీట మీద కూర్చుని అల్లుడి కాళ్ళు కడగకూడదు. ఈ పద్ధతి పెట్టినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. తెలిసుంటే ఊరుకునేదాన్ని కాదు.

అలాంటి మనిషి మొగుడి వెనక మోటారు సైకిలెక్కి ఊరి నడుమ ఊరేగితే నలుగురూ ఏమంటారో అమ్మకు బాగా తెలుసు. అందుకే ఆమె నడుములకు ఇనుము గుచ్చుకునేది.

అరవైల మొదట్లో నాకు పెళ్ళి కుదిరింది. గుమ్మఘట్ట దగ్గర ఒక ఊరు, సేద్యం చేసుకునే ఇల్లు. మాటలైన మరునాడే మా పెదనాయన వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఆయన మంచివాడే, కానీ ఏ పనినైనా అది తన పని అయినట్టు మొదలుపెట్టే మనిషి. "కన్యాదానానికి నేనూ మీ పెద్దమ్మా కూచుంటాం, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు," అన్నాడు. ఆయన మాట ముగియకముందే అమ్మ లోపలినుంచి, "అట్లే కానీ బావా. మీరు కాక ఇంకెవురుండారు?" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. ఎప్పటినుంచో సిద్ధంగా పెట్టుకున్న జవాబు. నాయన ఇంజను తాలూకు ఏదో వాల్వు తుడుస్తున్నాడు. దాన్ని తుడుస్తూనే ఉన్నాడు. అది అద్దమైపోయింది.

కొన్నాళ్ళకు, అన్నం తింటూ తింటూ, "బండికి సీట్లు కుట్టిస్తా," అన్నాడు.

అమ్మ ముద్ద కలుపుతున్నదల్లా ఆగింది. "పెండ్లి పెట్టుకోని బండికి సొమ్ములు చేపిస్తావా? బాగుండాది సంబడం."

"ఈ పొద్దు పాపను రాయదుర్గం పిల్చుకోని పోతా. గాజులు తీసుకుంటాది. ఆడోళ్ళ కంటికి ఏది బాగుంటాదో అదే చెప్తాది."

"గాజులకా, సీట్లకా?"

"రెండిటికీ," అన్నాడు నాయన.

నేను ఎగిరి గంతేశాను. రాయదుర్గం అంటే నాకు అప్పట్లో బొంబాయి కింద లెక్క. గోనెసంచి మడిచి క్యారియరు మీద వేసుకుని, నాయన చొక్కా పట్టుకుని కూర్చున్నాను. దారిపొడుగునా కంప చెట్లు, రాళ్ళగుట్టలు, నీళ్ళు లేని వంకలు. దిగేసరికి నా మోకాళ్ళు నావిగా అనిపించలేదు. ఆ ఇనుము విషయంలో అమ్మ చెప్పినదాంట్లో అబద్ధం లేదని ఆ రోజే తెలిసింది.

జట్కాబండ్లు ఆగే చోటికి ఎదురుగా ఒక చిన్న అంగడి. అందులో ముసలి సాయిబు ఒకడు జట్కా గుర్రాలకు జీన్లు, పట్టెడలు కుట్టేవాడు. గోడల నిండా తోళ్ళు వేలాడుతున్నాయి. అంగడంతా తోలు వాసన, నూనె వాసన. ఆయన గడ్డానికి గోరింటాకు పెట్టుకున్నాడు, కళ్ళకు సుర్మా. తన పని మీద ఆయనకున్న మోజు చూస్తే ముచ్చటేసేది, కొంచెం విసుగూ వేసేది. మేం వచ్చిన పని విని ఆయన మొహం చిట్లించాడు.

"గుర్రాలకు కుట్టిన చేయి ఇది. ఇనుపదానికి కుట్టమంటే మనసొప్పదప్పా," అన్నాడు. అంటూనే లేచి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. స్ప్రింగులు నొక్కి చూశాడు. క్యారియరు మీద జానతో కొలిచాడు. "ఎనక కూచుండేది సామానా, మనిషా?"

"మనిషే."

"మొగోడా, ఆడమనిషా?"

"మా ఇంట్లో వాళ్ళు," అన్నాడు.

"ముందే చెప్పల్ల గదా. ఆడోళ్ళు రెండు కాళ్ళూ ఒక పక్కకు ఏసుకోని కూచుంటారు. బరువంతా ఒక తట్టు పడతాది. ఆ తట్టు కొబ్బరిపీచు గట్టిగా కూరకపోతే నెల తిరక్కుండానే జారిపోతాది." ఇలా అంటూనే ఆయన లోపలికి పోయి ఒక పెట్టె తెచ్చాడు. మనసొప్పని మాట ఏమైందో మరి. పెట్టె నిండా తోలు ముక్కలు, వాటి మీద గుండ్రటి తలలున్న ఇత్తడి మేకులతో పరిచిన బొమ్మలు. గుర్రాల నుదుటి పట్టెడల మీద మెరుస్తాయే, ఆ మేకులే. ఒకదాని మీద నెమలి, ఇంకోదాని మీద నెలవంక, నక్షత్రం. సూర్యచంద్రులు ఒక జత. కోరలు బయటపెట్టిన పులి మొహం ఒకటి. పులి ఆయనకు ఇష్టమైనది, దాన్ని చివరగా తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

నేను నెమలి దగ్గర ఆగిపోయాను. తోక విప్పిన నెమలి అది, ఒక్కో ఈకకూ ఒక్కో మేకు. "నాయనా, ఇది," అన్నాను.

నాయన చూసి, "బాగుండాది. కానీ ఇది కాదు," అన్నాడు.

సూర్యచంద్రులు కాదు. నెలవంక కాదు. పులి అసలే కాదు. తీగలు కాదు, చిలకలు కాదు. సాయిబు పెట్టె అడుగు దాకా తోడాడు. నాయన ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని, మర్యాదగా చూసి, మర్యాదగా వెనక్కిచ్చేవాడు. ఎండ అంగడి లోపలికి వచ్చింది. గాజుల అంగడి మూసేస్తారేమోనని నాకు ఒళ్ళు మండుతోంది. నాకు మా అమ్మ ఓర్పు రాలేదు, ఎవరి నుంచి వచ్చిందో తెలియని కోపం వచ్చింది.

"నన్నెందుకు పిల్చుకొచ్చినావు నాయనా, నేను చెప్పిందేదీ నీకు పట్టకపోతే?" అన్నాను.

"పాప చెప్పింది నిజమే," అన్నాడు సాయిబు. "ఏమప్పా, నీకు కావాల్సిందేందో నీకన్నా తెలుసునా?"

నాయన అంగడి ముందు గొంతుక్కూర్చున్నాడు. అరచేత్తో దుమ్ము చదును చేసి, చూపుడువేలితో గీయడం మొదలుపెట్టాడు. చదరంగా ఒక గీత. నాలుగు మూలలా కొన్ని గీతలు. నడుమ ఒక పువ్వు. ఇంజను ఎంత చిక్కుగా ఉన్నా విప్పి కూర్చే ఆ వేళ్ళు, అక్కడ మాత్రం బడికి కొత్తగా వచ్చిన పిల్లవాడి వేళ్ళలా తడబడ్డాయి. ఒక రేకు పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి పక్కదాని మీదికి ఎక్కింది.

సాయిబు వంగి చూశాడు. "ఇది పువ్వా, కోసిన ఉల్లిగడ్డా?"

నాకు మాత్రం చూసీ చూడగానే తెలిసింది. మా వైపు పెళ్ళి పీటకు పసుపు పూసి బియ్యప్పిండితో వేసే ముగ్గు అది. మూలలకు గీతలు, నడుమ పద్మం. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా ఆడపిల్లలం పోటీలు పడి వేసేవాళ్ళం. అమ్మకు అది వచ్చు. నాకు నేర్పింది ఆమే. కానీ తను ఎవరి పెళ్ళి పీటకూ వేసేది కాదు, ఇంట్లో నేల మీద నాకు వేసి చూపించి, వెంటనే చెరిపేసేది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. నేను నాయన పక్కన కూర్చుని, ఆయన చేయి పక్కకు జరిపి, ఆయన గీసినదంతా చెరిపి, అదే ముగ్గు కొత్తగా వేశాను. రేకులన్నీ సమంగా, మూలలు సరిగ్గా. వేస్తున్నంతసేపూ నాయన నా మొహం వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. ఆ మనిషిని నేను అంతగా ప్రేమించిన రోజు ఇంకొకటి లేదు.

"ఇది," అన్నాడు నాయన సాయిబుతో. "రెండు సీట్లకూ ఇదే. జత."

సాయిబు ముగ్గును అటు నుంచి ఇటు నుంచి చూశాడు. "బాగనే ఉండాది. కానీ నడుమ పువ్వుకు మేకులు కొడితే, దాని మీద కూచునేటోళ్ళ గతేంగావాల?"

ఈ సంగతి మాకిద్దరికీ తట్టలేదు. నాకు నవ్వాగలేదు. నాయన కూడా నవ్వాడు, సాయిబూ నవ్వాడు. చివరకు ఒప్పందం కుదిరింది. మూలలకూ అంచులకూ ఇత్తడి మేకులు, నడుమ పద్మం మాత్రం మెత్తటి మేకతోలు కత్తిరించి కుట్టాలి. రంగు దగ్గర మళ్ళీ ఆగింది. నాయనకు పసుపు రంగు కావాలి. పసుపు తోలు మీ దుమ్ముకు వారంలో బురద రంగుకొస్తుందని సాయిబు పట్టుబట్టాడు. ఎర్రతోలే తేలింది, దాని మీద పసుప్పచ్చ ఇత్తడి. పసుపూ కుంకుమా రెండూ వచ్చినట్టే కదా నాయనా అని నేనన్నాను. ఆ మాట అన్నాక సాయిబు నా వైపు, నాయన వైపు మార్చి మార్చి చూశాడు. ఏం అర్థమైందో ఏమో, పులి మొహం ఉన్న ముక్కను పెట్టెలో పెట్టేసి మూత వేశాడు.

ఆ రోజు నేను గాజులు కొనుక్కున్నానో లేదో గుర్తు లేదు. తిరిగి వచ్చేటప్పుడు నాయన, "మీ అమ్మకు చెప్పొద్దు. చూస్తే ఆమెకే తెలుస్తాది," అన్నాడు. ఎదురుగాలికి దుమ్ము కళ్ళలో పడుతోంది కాబట్టి నేను ఏడ్చినా ఎవరికీ తెలియలేదు.

పెళ్ళి దగ్గరపడ్డాక సీట్లు వచ్చాయి. క్యారియరు విప్పి, ఇనుప చట్టం మార్చి, నాయన వాటిని వసారాలోనే బిగించాడు. ఇంతకాలం ముసలి ఎద్దులా ఉన్న బండి ఒక్కసారిగా పెళ్ళిబండి అయ్యింది. ఎర్రతోలు నూనె పెట్టినట్టు నిగనిగలాడుతోంది. మూలల్లో ఇత్తడి మేకులు ఎండ పడితే కళ్ళు చెదిరేలా ఉన్నాయి. అమ్మ చేటలో కొర్రలు పెట్టుకుని రాళ్ళేరుతోంది. తలెత్తి చూసింది. చేట కింద పెట్టింది. చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక సీటు ముందు నిలబడింది.

ముగ్గు చదవడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. వేలితో ఒక్కో మూల తాకింది. నడుమ పద్మం మీద అరచేయి పెట్టింది. ఆమె మొహం ఎర్రబడింది. నేను, నాయన చూస్తున్నాం.

"ఎవురు చెప్పినారు ఇది ఎయ్యమని?" అంది.

నాయన నేలచూపులు చూశాడు. "నేనే."

"తోలు పీట."

"రుషులు జింకతోలు మీద కూచోల్యా?"

అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లోపలికి పోయి గోనెసంచి తెచ్చి వెనక సీటు మీద కప్పి, తాడుతో గట్టిగా బిగించింది. "పాప పెండ్లి అయ్యేంతవరకు ఇది ఎవురి కంటా పడకూడదు. ముగ్గు చూస్తే తెలీనోళ్ళు ఎవురుండారు? పెండ్లికొడుకు తరపోళ్ళు వస్తాండారు. మారుమనువుదానికి పీటలేసినారని ఒక్కరు నోరు జారినా, రేపు ఈ బిడ్డ బతుకేంగావాల?"

"వాళ్ళకు తెలుసు గదా నీ సంగతి."

"తెలిసేది వేరు. కంట్లో పొడిచినట్టు చూపించేది వేరు."

నాయన ఆ తాడు ముడి విప్పలేదు. తన ముందు సీటు మీద కూడా పాత గోనెసంచే వేసుకున్నాడు. జత జతగానే ఉండాలని కాబోలు.

పెళ్ళి బాగా జరిగింది. అందరూ అలాగే అన్నారు. పెదనాయన, పెద్దమ్మ పీటల మీద కూర్చుని మా ఆయన కాళ్ళు కడిగారు. నాయన పందిరి గుంజ పక్కన నిలబడి, నీళ్ళు అడిగినవాళ్ళకు నీళ్ళు, తాంబూలం అడిగినవాళ్ళకు తాంబూలం అందించాడు. నేను తలవంచుకుని అమ్మ కోసం వెతికాను. తల వంచుకుని వెతకడం ఎంత కష్టమో పెళ్ళికూతుళ్ళకే తెలుసు. వంట పొగలో ఒకసారి ఆమె చీర అంచు కనబడింది. తాళి కట్టేటప్పుడు అదీ కనబడలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలని కూడా లేదు.

అత్తగారి ఊళ్ళో మా ఆయన వాళ్ళ అవ్వ ఇంటికి పెద్ద ముత్తైదువ. తాత ఇంకా ఉన్నాడు. అవ్వకు రెండు కళ్ళకూ పొరలు కమ్మి మనుషులు నీడల్లా కనబడేవాళ్ళు. చెవులు కూడా సగమే. అయినా ఇంట్లో ఏ శుభానికైనా హారతి పట్టవలసింది ఆమే. ఆ పట్టు వదిలేది కాదు. నేను మొదటిసారి గడప దాటేటప్పుడు మొగుడి పేరు చెప్పమని ఆపింది అవ్వే. కొత్త దంపతుల్ని గడప దగ్గర నిలబెట్టి పేర్లు చెప్పించడం అందరికీ సరదా. నేను సిగ్గుతో గొణిగాను. అందరూ నవ్వి లోపలికి పోనిచ్చారు గాని, అవ్వకు మాత్రం వినపడలేదు. ఆ లోటు ఆమె మనసులో ఉండిపోయింది.

కొన్నాళ్ళకు మమ్మల్ని పుట్టింటికి పిలుచుకుపోవడానికి మా వాళ్ళు రావలసిన రోజు వచ్చింది. పెదనాయన వాళ్ళు బస్సులో వస్తారని అనుకున్నాం. పొద్దున్నే మా ఆయనా నేనూ ఊరి బయట ఆంజనేయస్వామి గుడికి పోయాం. మేం తిరిగొచ్చేసరికి దిష్టి తీయాలని అత్త పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళ పళ్ళెం సిద్ధం చేసి అవ్వ చేతికిచ్చింది. అవ్వ గడప దగ్గర కాపు కాసింది.

మేం వీధి మలుపు తిరిగేసరికి, బండి చప్పుడు వినపడింది. ఆ చప్పుడు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. నాయన బండి మమ్మల్ని దాటి, దుమ్ము లేపుకుంటూ, అత్తగారి గడప ముందుకు పోయి ఆగింది. వెనక సీటు మీద గోనెసంచి లేదు. అమ్మ ఉంది.

నేను వీధి నడుమ నిలబడిపోయాను.

అది ఎలా జరిగిందో నాయన నాకు తర్వాత చెప్పాడు. పెద్దమ్మకు జ్వరమొచ్చింది. నాయన ఒక్కడే బయలుదేరుతుంటే అమ్మ వచ్చి తాడు ముడి తనే విప్పి, గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, "పెండ్లి అయిపాయ గదా. ఇంక నా వల్ల చెడేదేముండాది?" అని ఎక్కి కూర్చుందట. ఊరి బయటే దింపేయమని, అక్కడి నుంచి నడిచి వస్తానని దారంతా చెబుతూనే ఉందట. ఊరి బయట బ్రేకు పడలేదని నాయన అంటాడు. ఇన్ని ఊళ్ళ ఇంజన్లు బాగుచేసే మనిషి బండికి, సరిగ్గా ఆ ఒక్క చోట బ్రేకు పడలేదు. దాన్ని నమ్మమంటాడు.

అమ్మ దిగింది. గోనెసంచి గబగబా సీటు మీద కప్పబోయింది. అంతలోనే అవ్వ లేచి ఎదురొచ్చింది. మామగారి బండెక్కి ఊరేగుతానని ఆ నాలుగు రోజులూ మా ఆయన ఇంట్లో అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. అవ్వకు బండి చప్పుడు సగం వినపడింది. ఎండలో మెరుస్తున్న ఎరుపూ పసుపూ సగం కనబడ్డాయి. ఆ పక్కన ఒక మగ నీడ, తల మీద కొంగు కప్పుకున్న ఒక ఆడ నీడ. కొత్త జంట కాక ఇంకెవరు?

"ఈడే నిలబడండి," అంది అవ్వ.

నిలబడ్డారు. అమ్మ చేతిలోని గోనెసంచి కింద పడింది. అవ్వ ఎర్రనీళ్ళ పళ్ళెం వాళ్ళిద్దరి చుట్టూ తిప్పింది. ఒక వేలు ముంచి నాయన నుదుట బొట్టు పెట్టింది. తడుముకుని అమ్మ నుదురు వెతుక్కుని అక్కడా పెట్టింది. నా పక్కన మా ఆయన నవ్వుతూ, "అవ్వా, వాళ్ళు కాదు..." అని మొదలుపెట్టాడు. నేను ఆయన చేయి గట్టిగా పట్టుకుని నొక్కాను. పగటిపూట, వీధిలో, నేను ఆయన్ని మొదటిసారి ముట్టుకున్నది అలా. ఆయన నా మొహం చూసి ఊరుకున్నాడు. ఇంటిలోపలి నుంచి మా అత్త పరుగున వచ్చింది. అవ్వను ఆపబోయి చేయి చాచింది. ఎదురుగా మా అమ్మ మొహం చూసింది. చాచిన చేయి వెనక్కి తీసుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గడప పక్కన నిలబడిపోయింది. ఆ ఒక్క పనికి మా అత్తను జీవితమంతా గౌరవించాను, ఆమెతో ఎన్ని తగాదాలు పడినా.

మా అమ్మకు అంతవరకు ఎవరూ ఎర్రనీళ్ళు తిప్పలేదు.

అవ్వ పళ్ళెం కింద పెట్టి, గడపకు చేయి అడ్డం పెట్టింది. "మొన్న గొణిగితివి. నాకు ఇనపడనేలే. ఈ పొద్దు గట్టిగా మొగుని పేరు చెప్పి లోపలికి రా."

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందంటారు. గడప దగ్గర పెళ్ళికూతురికి ఇచ్చే ఆ ఒక్క అవకాశం తప్ప, బతుకంతా పలకరు. ఇంటి వెనక నిలబెట్టి తాళి కట్టించుకున్న మనిషికి ఆ అవకాశమూ లేదు. ఎవరైనా ప్రభుత్వం మనిషి వచ్చి మీ ఆయన పేరేమిటంటే అమ్మ నన్ను పిలిచి నా చేత చెప్పించేది. ఇంట్లో నాయన ఆమెకు ఎప్పుడూ 'ఇదో', లేకపోతే 'మీ నాయన'. ఆమె ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. నేను కాదవ్వా, నేను పెండ్లికూతురి తల్లిని, అంటుందనుకున్నాను. అనలేదు.

ఆమె తల ఎత్తింది. కొంగు సర్దుకుంది. గొణగలేదు. వీధి నడుమ ఉన్న నాకు కూడా వినపడేంత గట్టిగా, మా నాయన పేరు పూర్తిగా చెప్పి, "ఆయప్పతో వచ్చినా," అంది.

నాయన గబుక్కున బండి వైపు తిరిగి కూర్చుని, ఏ మాత్రం వదులుగా లేని బోల్టు ఒకటి బిగించడం మొదలుపెట్టాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను అక్కడే, నడివీధిలో, మా ఆయన చేయి వదలకుండా పెద్దగా ఏడ్చేశాను.

అవ్వ గడపకు అడ్డం పెట్టిన చేయి తీసింది. "అట్ల చెప్పల్ల. రామ్మా, కుడికాలు పెట్టి రా," అంది.

అమ్మ కుడికాలు పెట్టి లోపలికి పోయింది. ఆమె నోట మా నాయన పేరు నేను విన్నది ఆ ఒక్కసారే.